ముడుపు మోసుకుని నల్లమల దారిలో

సంక్రాంతి వెళ్లిన వారానికే మా స్నేహితుడు గుండెపోటుతో పోయాడు. ఛాతీ పట్టేసినట్టుందంటూ రెండు రోజులు గ్యాస్ అనుకుని సోడాలు తాగాడు. మనిషికి అరవై కూడా రాలేదు. ఏటా ఉగాదికి శ్రీశైలం నడిచి వెళ్లేవాడు. ఈసారికి కూడా పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు. ఏటి సూతకం కాబట్టి వాళ్లబ్బాయి కొండెక్కకూడదు. "అంకుల్, మీరు తీసుకుపోతారా?" అని అడిగితే కాదనలేకపోయాను. శ్రీశైలం బస్సులో వెళ్లడమే తప్ప నడక నాకు కొత్త.

ఉగాది ముందు మా కర్నూలును చూడాలి. ఏ వీధికి పోయినా కన్నడం. రాయచూరు, బాగల్‌కోట, బెళగావి వైపు నుంచి గుంపులు గుంపులుగా నడిచొస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. అందుకే చీరా సారే తెస్తారు. భుజాల మీద అలంకరించిన కంబి, అంటే కావడి లాంటిది, ఉంటుంది. కొయ్యకాళ్ల మీద నడిచే కుర్రాళ్లూ ఉంటారు, ఎలా బ్యాలెన్స్ చేస్తారో ఆ మల్లన్నకే తెలియాలి. నందికొట్కూరు రోడ్డు పొడవునా మనవాళ్లు షామియానాలు వేసి మజ్జిగ, అన్నం పెడతారు. భాష రాకపోయినా బొబ్బలెక్కిన ఆ కాళ్లకు నూనె రాస్తారు. ఊళ్లో ఎవరికీ తలవంచని పెద్దమనుషులు కూడా అక్కడ నేల మీద కూర్చోవడం నేను చూశాను.

ఆత్మకూరు దాకా బస్సులో వెళ్లి, వెంకటాపురం దగ్గర ఒక గుంపుతో కలిశాను. మార్చి నెల నల్లమల అంటే పచ్చదనం ఊహించుకోవద్దు. ఆకు రాలిన చెట్లు, అక్కడక్కడా ఎర్రగా మోదుగ పూలు, కింద మండే రాళ్లు. దారిలో ఆత్మకూరాయన ఒకరు చేయెత్తి, "పావురాలగుట్ట అటుపక్కే" అన్నాడు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలింది అక్కడే. పొద్దున హైదరాబాదులో చిత్తూరు జిల్లా రచ్చబండకని బయలుదేరిన మనిషి. అందులో ఉన్న అయిదుగురూ పోయారు, మరుసటి రోజుకు గానీ ఆచూకీ దొరకలేదు. ఆ రోజు కర్నూల్లో మేమంతా టీవీ ముందు కూర్చుని ఉన్నాం. మా స్నేహితుడైతే అన్నం కూడా ముట్టలేదు. ఆ సంగతి చెప్పడానికి పక్కకు తిరిగి చూశాను. పక్కన ఎవరో తెలియని ముఖం.

నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర కాసేపు కూలబడ్డాం. పెచ్చెరువు చేరేసరికి నా మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. అక్కడ చెంచుల గూడెం ఉంది. ఏడాదంతా పులులున్న అడవిలో కాపురం చేసేవాళ్లకు మా నడక చూస్తే నవ్వొస్తుందేమో. రాత్రి నా పక్కన పడుకున్న తాత రాయచూరు దిక్కు రైతు. వచ్చీ రాని తెలుగులో తన ఎద్దుల గురించి, పడిపోయిన పత్తి ధర గురించి చెప్పుకొచ్చాడు. కంబి గురించి అడిగితే, "మా తాత మోసిండు, నాయన మోసిండు. పోయినేడు మా తమ్ముడు. ఇప్పుడు లేడప్పా" అన్నాడు. తమ్ముడికి ఏమైందని అడిగేలోపే గురక మొదలైంది. నాకే తెల్లవార్లూ నిద్ర లేదు.

భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్లీ అంత ఎత్తూ ఎక్కాలి. శ్రీశైలానికి మెట్లదారి వేయించింది 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి. అరిగిపోయిన రాళ్ల మీద కాలు ఆనించుకుంటూ ఎక్కుతుంటే ఒక్కటే టెన్షన్, ఇక్కడ నా గుండె ఆగితే ఎలా అని. చుట్టూ చూస్తే నాకంటే పెద్ద వయసువాళ్లు, చంకన బిడ్డలున్న తల్లులు. అందరి నోటా మల్లయ్య పేరే. బతుకు ఎంత సన్ననిదో వాళ్లకు తెలియక కాదు. తెలిసే, వచ్చే ఏడు ఎవరు ఏం తేవాలో అక్కడే మెట్ల మీద మాట్లాడుకుంటున్నారు. ఇంటి దగ్గర పంచాంగంలో ఆదాయ వ్యయాలు చూసుకుని దిగులుపడే నాకు ఆ ధీమా వింతగా తోచింది. కాస్త అసూయ కూడా కలిగింది.

కైలాస ద్వారం ఎక్కాక హఠకేశ్వరం మీదుగా దారి తేలికే. అమావాస్య రాత్రి శ్రీశైలంలో వీరశైవులు అగ్నిగుండం తొక్కుతుంటే జనంలో నిలబడి చూశాను. తెల్లారితే 2025 మార్చి 30, విశ్వావసు ఉగాది. ఆ రద్దీలో స్వామి కనిపించింది క్షణమే. ముడుపును హుండీలో వేసేటప్పుడు మా వాడి గోత్రం గుర్తురాలేదు, పేరు మాత్రం గట్టిగా చెప్పాను.

బయటికొచ్చి వాళ్లబ్బాయికి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వచ్చే ఏడు తనూ నడుస్తానన్నాడు. ముందు ఒకసారి గుండె పరీక్ష చేయించుకోమన్నాను, నేనూ చేయించుకుంటానన్నాను. ఇంకా, కొత్త చెప్పులతో రావద్దని, పెచ్చెరువు దాటాక నీళ్లు పొదుపుగా తాగమని చెబుతుండగానే నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది.