జాబితాలో లేని మాత్ర

విశాఖ కంచరపాలెంలో మేం మందులు కొనే షాపాయనకి నా ఒంటి సంగతి మా ఇంట్లోవాళ్ళకన్నా ఎక్కువే తెలుసు. ఏ బీపీ మాత్ర వేసుకుంటే నాకు కాళ్ళు వాస్తాయో, గ్యాస్ బిళ్ళ ఎప్పటినుంచి వాడుతున్నానో అడక్కుండానే చెప్తాడు. ఆయనకి తెలియని మాత్ర ఒక్కటే ఉండేది. అది ఆయన షాపులో దొరకదు. డీఅడిక్షన్ సెంటర్‌లో రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని చేతికిస్తారు. దానికి బిల్లుండదు, మందుల కవర్ ఉండదు. ఇంట్లో బీరువా లాకర్లో, పిల్లలకి అందకుండా దాచుకోవాలి. పోయినేడాది నేను పడ్డ బాధకి మూలం ఈ ఏర్పాటులోనే ఉందని నాకు అనిపిస్తుంది. ఒక మనిషి మందులు రెండు చోట్ల ఉన్నాయి, ఆ రెండు చోట్లకీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో సూపర్‌వైజర్‌ని. ఐసు నీళ్ళున్న నేల మీద జారిపడితే నడుం డిస్క్ పక్కకి జరిగింది. ఆపరేషన్ అయ్యాక నొప్పికి ట్రమడాల్ రాశారు, నల్లమందు జాతి మాత్ర అది. నొప్పి తగ్గింది, మాత్ర మాత్రం తగ్గలేదు. పొద్దున్న వేసుకోకపోతే ఆవలింతలు, ముక్కు కారడం, చేతులు వణకడం. డ్యూటీకి వెళ్ళాలంటే ఒకటి, నిద్ర పట్టాలంటే ఇంకోటి, తర్వాత ఆ ఒకటి రెండయింది. 2018లోనే ట్రమడాల్‌ని మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. అయినా ఇచ్చే షాపులు ఊళ్ళో ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు తెలిసిపోయింది. ఆ రోజుల గురించి ఇంతకన్నా రాయను. చివరికి మా ఆవిడే సెంటర్‌కి తీసుకెళ్ళింది.

అక్కడ బుప్రెనార్ఫిన్, నాలోక్సోన్ కలిపిన మాత్ర మొదలుపెట్టారు. నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా మాట్లాడకుండా కూర్చోవాలి, మింగకూడదు. మొదట్లో రోజూ వాళ్ళ కళ్ళెదుటే. తర్వాత కొన్ని రోజులకి సరిపడా ఇంటికిచ్చేవారు. నాకు 2 మిల్లీగ్రాములవి మూడు పడేవి. ఆ మాత్ర నన్ను మళ్ళీ మనిషిని చేసిందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. మత్తు కాదది. వేసుకున్నాక ఏమీ అనిపించదు, ఆ ఏమీ అనిపించకపోవడమే నాకు కావలసింది. జీతం ఇంటికొచ్చింది. మా అమ్మాయి మళ్ళీ నాతో బండెక్కింది.

ఒళ్ళు మాత్రం పెరిగింది. ట్రమడాల్ రోజుల్లో అన్నం సహించేది కాదు. అది మానేశాక ఆకలి ఒక్కసారిగా ఊపిరి పోసుకుంది. ముఖ్యంగా తీపి. మాడుగుల హల్వా డబ్బా తెస్తే రాత్రికి రాత్రే అయిపోయేది, అదీ నేనొక్కణ్ణే. సెంటర్‌కి వచ్చే చాలామందికి ఇదే వరస. మేం దాని మీద జోకులేసుకునేవాళ్ళం. ఆపరేషన్ అయిన నడుముకి ఈ బరువు మంచిది కాదని ఎముకల డాక్టర్ కోప్పడ్డాడు. షుగర్ కూడా గీత దగ్గరికి వచ్చింది.

అప్పుడే ఊళ్ళో ఒక బరువు తగ్గించే క్లినిక్‌కి వెళ్ళాం. ఏసీ హాలు, గాజు తలుపులు, తూకం మీద నిలబడితే కాగితం ప్రింటై వచ్చే మిషను. ఫారంలో 'ప్రస్తుతం వాడుతున్న మందులు' అన్న చోట బుప్రెనార్ఫిన్, నాలోక్సోన్ అని స్పెల్లింగ్ చూసుకుని మరీ రాశాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి ఆ పేరు కోసం వెతికింది, లిస్టులో రాలేదు. 'ఇతర నొప్పి మందులు' అన్నదాని మీద నొక్కింది. లోపలున్న డాక్టర్‌గారికి కనిపించింది ఆ మూడు మాటలే.

ఆయన రెండు మందులు రాశారు: నాల్ట్రెక్సోన్, బ్యూప్రోపియాన్. అమెరికాలో ఈ రెండూ కలిపిన బరువు మాత్రకి 2014లో అనుమతి వచ్చింది. అందులో నాల్ట్రెక్సోన్ 8 మిల్లీగ్రాములు, బ్యూప్రోపియాన్ 90 ఉంటాయి. ఒక మాత్రతో మొదలుపెట్టి, వారానికొకటి చొప్పున రోజుకి నాలుగు దాకా పెంచుతారు. నాకు మాత్రం విడివిడిగా రాశారు. నాల్ట్రెక్సోన్ 50 బిళ్ళలో సగం, అంటే 25, పొద్దున్న టిఫిన్ అయ్యాక.

చీటీ చదివినప్పుడు నాకొక అనుమానం వచ్చింది. నా నాలుక కింది మాత్రలోనూ ఇలాంటి పేరే ఉందే అని బయట మందులు వివరించే అసిస్టెంట్‌ని అడిగాను. "అదీ ఇదీ ఒకే ఫ్యామిలీ సార్. ఇది కూడా డీఅడిక్షన్‌లో వాడేదే. మీకు డబుల్ బెనిఫిట్" అన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నాల్ట్రెక్సోన్‌ని తాగుడు మానినవాళ్ళకీ, మత్తుమందులు పూర్తిగా మానేసినవాళ్ళకీ ఇస్తారు. ఆ 'పూర్తిగా' అన్నది మాత్రం అతని నోట రాలేదు.

మర్నాడు ఎప్పటిలాగే పొద్దున్నే నాలుక కింద మాత్ర పెట్టుకున్నాను. ఇడ్లీ తిని సగం బిళ్ళ మింగాను. స్నానం చేసి చొక్కా వేసుకుంటుంటే ఆవలింత వచ్చింది. వెంటనే ఇంకోటి. ఆ ఆవలింతలు నాకు పాత పరిచయమే. కానీ ఇవెందుకు వస్తున్నాయో అర్థం కాలేదు. మాత్ర వేసుకున్నాను కదా! కాసేపటికి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, ఒళ్ళంతా చెమట, అదే సమయంలో చలి. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. వాంతి, విరేచనాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. కాళ్ళు నా మాట వినలేదు, వాటంతటవే తన్నుకుంటున్నాయి. మా అమ్మ చోడవరం నుంచి వచ్చి ఉంది. "రాత్రి ఆ చేపల పులుసు నిన్నటిదేటి?" అని మా ఆవిడ మీద విరుచుకుపడింది.

ట్రమడాల్ మానేటప్పుడు కూడా ఇవన్నీ పడ్డాను. కానీ అది మెల్లగా, రోజంతా తీసుకుని వచ్చేది. ముందు ముక్కు, తర్వాత ఒళ్ళు నొప్పులు, ఆ తర్వాత కడుపు. ఒకదానికి అలవాటు పడేలోపు ఇంకోటి. ఇది అలా కాదు. అన్నీ కలిసి గంటలో మీద పడ్డాయి. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే, చచ్చిపోతానన్న భయం కాదు, ఇలా ఉండటం ఆగదేమోనన్న భయం పట్టుకుంది.

మా బామ్మర్ది కారులో ఊళ్ళోని పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్ క్యాజువాల్టీకి తీసుకెళ్ళాడు. హౌస్ సర్జన్ అమ్మాయి, మా అమ్మాయికన్నా కొంచెం పెద్దదేమో, సెలైన్ పెట్టిస్తూనే "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగింది. మా ఆవిడ షాపు కవర్ తీసి చూపించింది. బీపీ, గ్యాస్, కొత్తవి రెండు.

"ఇవేనా? ఇంకేం లేవా?"

మా అమ్మ పక్కనే ఉంది. బామ్మర్ది ఉన్నాడు. వాళ్ళిద్దరికీ నేను నడుం నొప్పికి వైద్యం చేయించుకుంటున్నానని మాత్రమే తెలుసు. నేను మాట్లాడే స్థితిలో లేను. మా ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసి, "ఇంకోటుందమ్మా, నాలుక కింద పెట్టుకునేది. ట్రమడాల్ మానడానికి సెంటర్‌లో ఇస్తారు" అంది. గట్టిగానే అంది.

"ఏటే అక్కా, ఏటి చెప్తున్నావ్?" అన్నాడు బామ్మర్ది.

ఆ అమ్మాయి వాడి వైపు చూడను కూడా లేదు. టార్చి వేసి నా కళ్ళు చూసింది. కనుపాపలు పెద్దవై ఉన్నాయట. నల్లమందు జాతి మందుల ప్రభావంలో ఉన్నవాళ్ళకి అవి సూదిమొనల్లా చిన్నవవుతాయి, నావి దానికి సరిగ్గా విరుద్ధం. చీటీలో నాల్ట్రెక్సోన్ పేరు చూసి పెద్ద డాక్టర్‌కి ఫోన్ చేసింది. మా ఆవిడ నోరు విప్పకపోయి ఉంటే ఫుడ్ పాయిజనింగ్ అని రాసి, మర్నాడు మళ్ళీ అదే సగం బిళ్ళ వేసుకోమని పంపేవారేమో.

జరిగిందేమిటో తర్వాత సెంటర్ డాక్టర్‌గారు చెప్పారు. ఆయనకి బస్సు ఉదాహరణలంటే ఇష్టం. మెదడులో నొప్పీ హాయీ చూసుకునే చోట్లు కొన్ని ఉంటాయి, రిసెప్టర్లంటారు. ట్రమడాల్ వచ్చి కూర్చునే సీట్లు అవే. బుప్రెనార్ఫిన్ ఆ సీట్లో గట్టిగా కూర్చుంటుంది గానీ గోల చెయ్యదు, సగం పనే చేస్తుంది. అందుకే దానితో మత్తూ రాదు, మానేసినప్పుడు పడే బాధ, అంటే విత్‌డ్రాయల్ కూడా రాదు. నాల్ట్రెక్సోన్‌కి అసలు చేసే పనే లేదు. సీటు ఆక్రమించడమే దాని పని. వచ్చీ రాగానే కూర్చున్నవాణ్ణి లేపి తను కూర్చుంటుంది. శరీరానికి ఒక్కసారిగా రోజులకొద్దీ మానేసినట్టవుతుంది. మరి నా మాత్రలో నాలోక్సోన్ ఉందిగా, అది ఎందుకు లేపలేదు అని అడిగాను. అది నాలుక కింద పెట్టుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఎవరైనా ఆ మాత్రని కరిగించి సూదితో ఎక్కించుకుంటే అప్పుడు తన ప్రతాపం చూపిస్తుంది, దుర్వినియోగం చెయ్యకుండా కాపలాకి పెట్టారు దాన్ని. నాల్ట్రెక్సోన్ అలా కాదు, మింగితే చాలు.

నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టాలంటే మామూలు ఓపియాయిడ్ మందులు, అంటే నల్లమందు జాతివి, మానేసి కనీసం 7 నుంచి 10 రోజులు కావాలి. బుప్రెనార్ఫిన్, మెథడోన్ అయితే రెండు వారాల దాకా పట్టొచ్చు. అమెరికా బరువు మాత్ర కాగితంలోనే ఈ మందులు వాడేవాళ్ళకి ఇవ్వకూడదని రాసి ఉంటుంది.

హాస్పిటల్లో నాకిచ్చినవి వాంతులు ఆగడానికి, కడుపు నొప్పికి మందులు, చెమటలూ వణుకూ తగ్గడానికి క్లోనిడిన్. విరుగుడు లేదా అని మా ఆవిడ అడిగింది. నాల్ట్రెక్సోన్ దిగిపోయేదాకా ఓర్చుకోవడమే అన్నారు. అప్పుడే నాకు ఇంకో సంగతి తెలిసింది, ఈ రోజుకీ తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ బాధలో మంచం మీద పడుకుని నేను అనుకున్నది ట్రమడాల్ గురించే. గుప్పెడు మింగితే తగ్గుతుందేమో అని. సీట్లన్నీ మూసుకుపోయి ఉన్నప్పుడు ఎన్ని మింగినా పని చెయ్యదు. చెయ్యట్లేదని ఇంకొన్ని మింగుతాం. తర్వాత నాల్ట్రెక్సోన్ సీటు ఖాళీ చేస్తుంది, అప్పటికి ఒంట్లో ఉన్నవన్నీ వచ్చి కూర్చుంటాయి, ఊపిరి ఆగిపోవచ్చు. దానికి తోడు బ్యూప్రోపియాన్ మూర్ఛ వచ్చే ప్రమాదాన్ని పెంచుతుంది. ట్రమడాల్‌ది కూడా అదే గుణం. రెండూ కలిస్తే చెప్పనక్కర్లేదు.

మూడో రోజుకి లేచి కూర్చున్నాను. బుప్రెనార్ఫిన్ మళ్ళీ మొదలుపెట్టడానికి సెంటర్ డాక్టర్‌గారు తొందరపడలేదు. పదకొండు లక్షణాలకి మార్కులు వేసే ఒక ఫారం ఉంటుంది: నాడి, చెమట, కనుపాప, ఆవలింత, రోమాలు నిక్కబొడుచుకోవడం వగైరా. దాని ప్రకారం చూసి, తక్కువ మోతాదుతో, గంటలకొద్దీ అక్కడే కూర్చోబెట్టి ఇచ్చారు. ఇంతకుముందు వేసుకున్న మోతాదే మళ్ళీ ఒక్కసారిగా ఇస్తే శరీరం తట్టుకోలేకపోవచ్చన్నారు.

క్లినిక్‌కి మా ఆవిడే వెళ్ళింది. ఫారం కాపీ అడిగితే ఇచ్చారు, ప్యాకేజీ డబ్బులు సగం వెనక్కిచ్చారు. 'ఇతర నొప్పి మందులు' అన్న ఆ గడి ఇంకా అలాగే ఉందో లేదో మాకు తెలియదు.

మా అమ్మతో మాట్లాడటం నేననుకున్నంత కష్టం కాలేదు. "నీ నాన్న చుట్ట మానలేకపోయాడు, నువ్వు ఇంత పెద్దదాన్ని మానావంటే మంచిదే కదరా" అంది. బామ్మర్ది మాత్రం ఇప్పటికీ మా ఇంటికొస్తే హాల్లో పర్సు పెట్టడు. మందుల షాపాయనకి నేనే చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, కౌంటర్ కింద నుంచి నా పేరున్న నోట్‌బుక్కు తీసి ఆ మాత్ర పేరు ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు. ఇకమీదట దగ్గుమందు అడిగినా ఆ పేజీ చూసే ఇస్తానన్నాడు. సెంటర్ వాళ్ళు ఇచ్చిన కార్డొకటి ఆధార్ కార్డు వెనక పెట్టుకుని తిరుగుతున్నాను. స్పృహ తప్పి పడిపోతే వెతికేవాళ్ళు ముందు ఆధారే తీస్తారని మా ఆవిడ లెక్క.

బరువు సంగతికొస్తే, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసే సమయంలో నడుస్తున్నాను. రాత్రి అన్నం బదులు చోడి (రాగి) అంబలి. కొంచెం తగ్గాను, ఎక్కువేం కాదు. 2025లో మన దేశంలోకి వచ్చిన టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ బరువు ఇంజెక్షన్ల గురించి అడిగాను. అవి ఆ రిసెప్టర్ల జోలికి పోవు కాబట్టి ఇలాంటి విత్‌డ్రాయల్ తెప్పించవన్నారు. కాకపోతే అవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి, వికారం, మలబద్ధకం ఉంటాయి. బుప్రెనార్ఫిన్‌తో నాకు ఇప్పటికే మలబద్ధకం ఉంది. ముందు దాని సంగతి చూసి, షుగర్ పరీక్ష మళ్ళీ చేయించి, అప్పుడు ఆలోచిద్దామన్నారు. ఈసారి షుగర్ డాక్టర్‌గారికి సెంటర్ డాక్టర్‌గారే ఫోన్ చేసి మాట్లాడారు. రిపోర్టు వచ్చే సోమవారం వస్తుంది.