వయోలా పట్టుకున్న ఐదు నెలలు

పోయిన నవంబర్‌లో మా బాబుకి వెస్ట్రన్ వయొలిన్ నేర్పే సర్ క్లాసు అయ్యాక నన్ను ఆపి "మేడమ్, మీరు వయోలా వాయిస్తారా" అని అడిగారు. వయొలిన్ కన్నా కాస్త పెద్దగా ఉంటుందని తప్ప దాని గురించి నాకేం తెలీదు. నాది కర్నాటక వయొలిన్, విజయనగరంలో నేర్చుకున్నా, బ్యాంకు ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చి పదహారేళ్లయింది, ఏడాదికి నాలుగైదు కచేరీల్లో గాత్రానికి పక్కవాద్యం కూర్చుంటాను. సర్‌కి ఎన్నాళ్లనుంచో ఒక స్ట్రింగ్ క్వార్టెట్, అంటే నాలుగు తీగవాద్యాల జట్టు, పెట్టాలని ఉంది, ఆయన ఫస్ట్ వయొలిన్, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ చేసే ఒకమ్మాయి సెకండ్ వయొలిన్, తార్నాక అబ్బాయి ఒకతను చర్చి ఆర్కెస్ట్రాలో సెల్లో (కింది స్వరాలు పలికే పెద్ద తీగవాద్యం) వాయిస్తాడు, ఇక నాలుగోది వయోలా, దానికి మాత్రం ఎంత వెతికినా మనిషి దొరకలేదట. "మీకు చెవి ఉంది, మిగతాది నేర్చుకోవచ్చు" అన్నారు. ఇంటికొచ్చి రెండ్రోజులు ఆలోచించి సరే అన్నాను. ఏప్రిల్‌లో కచేరీ చేశాం. మధ్యలో జరిగిందంతా గుర్తుండగానే రాసుకోవాలనిపించింది, మన సంగీతం నేర్చుకుని అటువైపు చూసేవాళ్లకి ఏమైనా పనికొస్తుందేమో కూడా.

ముందు ప్రోగ్రామ్ గురించి చెప్పాలి, ఎందుకంటే నేను ఒప్పుకుందే అది విన్నాక. రెండే ఐటమ్స్. ఒకటి ఆస్ట్రియా కంపోజర్ హైడన్ 1799లో రాసిన ఎఫ్ మేజర్ క్వార్టెట్ (ఈ జట్టు కోసం రాసే పీస్‌నీ క్వార్టెట్ అనే అంటారు), ఓపస్ 77 నంబర్ 2. అప్పటికి ఆయనకి 67 ఏళ్లు. లాబ్‌కోవిట్జ్ అనే ప్రిన్స్ కోసం ఆరు రాద్దామని మొదలుపెడితే రెండే పూర్తయ్యాయి, తర్వాత ఇంకోటి మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు, అంటే ఆయన పూర్తిగా రాసిన చివరి క్వార్టెట్ ఇదే. అదే ప్రిన్స్ కోసం అదే టైములో బీథోవెన్ తన మొదటి ఆరు క్వార్టెట్లు రాస్తున్నాడు. అప్పటికి ఇక్కడ త్యాగరాజస్వామి వయసు 32, నాకు ఇలా లెక్కేసుకుంటే తప్ప కాలం అర్థం కాదు. రెండోది కారొలిన్ షా అనే అమెరికన్ కంపోజర్ 2011లో రాసిన ఆంత్రాక్త్. ఆవిడ పుట్టింది 1982లో, ఆవిడ కూడా వయొలినిస్టే, 2013లో 30 ఏళ్లకే సంగీతానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది, బ్రెంటానో క్వార్టెట్ వాళ్లు హైడన్‌ది ఇదే క్వార్టెట్ వాయిస్తుంటే విని ఆవిడ ఆంత్రాక్త్ రాసింది. హైడన్ పీస్‌లో మినుయెట్ అనే నాట్యం తరహా భాగం నుంచి దాని మధ్యలో వచ్చే ట్రియోలోకి వెళ్లే చోట శ్రుతి ఒక్కసారిగా ఎఫ్ నుంచి డి ఫ్లాట్‌కి మారుతుంది, ఆ ఒక్క మలుపు ఆవిడని పట్టుకుంది. రెండు శతాబ్దాల తర్వాత ఒక మలుపు విని ఇంకో మనిషి కొత్త పీస్ రాసిందంటే ఆ మలుపులో ఏముందో నా చేత్తో నేను వాయించి చూడాలనిపించింది.

వయోలా సంపాదించడానికే నెల పట్టింది. కోఠీ, సికింద్రాబాద్ షాపులన్నీ తిరిగాం, గిటార్లు, కీబోర్డులు బోలెడు, వయొలిన్లు కూడా ఉన్నాయి, వయోలా ఎక్కడా లేదు. చివరికి తెలిసినవాళ్ల ద్వారా చెన్నై నుంచి పాతది ఒకటి దొరికింది, బ్రిడ్జి మార్పించి తీగలు కొత్తవి వేయించుకున్నా. హైడన్ పార్ట్స్‌కి కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఫ్రీగా దొరుకుతాయి, షా స్కోరు మాత్రం డబ్బులు కట్టి కొనుక్కున్నాం, వాయించడానికి అనుమతి సంగతి కూడా సర్ ముందే మెయిల్స్ పెట్టి తేల్చుకున్నారు. ఇది అందరూ చేయాలి. బతికున్న కంపోజర్ రాసింది జిరాక్స్ తీసి వాయించడం తప్పు.

తర్వాత కూర్చోవడం దగ్గర్నుంచి మళ్లీ మొదలు. మనం కింద కూర్చుని వయొలిన్ తలని కుడికాలి మడమ దగ్గర ఆన్చి పట్టుకుంటాం, బరువంతా అక్కడే ఆగుతుంది, ఎడమ చెయ్యి తీగ మీద హాయిగా జారుతుంది. ఇక్కడ కుర్చీలో కూర్చుని గడ్డంతో పట్టుకోవాలి, పైగా వయోలా బరువు, మొదటి మూడు వారాలు మెడ నొప్పితో నిద్ర పట్టలేదు. సా పా సా పా అని కలుపుకునే తీగల బదులు సి, జి, డి, ఏ. నోట్స్ కూడా ఆల్టో క్లెఫ్‌లో (ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు) ఉంటాయి, అది వయొలిన్ క్లెఫ్ కాదు, మధ్య గీత మీద ఉండేది మిడిల్ సి. రోజూ పొద్దున బాబుని స్కూలుకి పంపాక అరగంట, రాత్రి గంట, నోట్‌బుక్‌లో గీతలు గీసుకుని చదవడం ప్రాక్టీస్ చేశాను. ఆదివారం పొద్దున హబ్సిగూడలో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి ఆటోలో వెస్ట్ మారేడ్‌పల్లి, సర్ వాళ్ల ఫ్లాట్‌లో రిహార్సల్.

నా అసలు కష్టం గమకంతో వచ్చింది. స్వరం దగ్గర ఊరికే నిలబడటం నాకు అలవాటు లేదు, చెయ్యి దానంతటదే ఊగుతుంది. సర్ మొదట్లో ఏమనలేదు, జనవరిలో ఒకరోజు మాత్రం "మేడమ్, మీ నాదం చాలా బాగుంది, కానీ మేం ముగ్గురం మీ మీద నిలబడాలి, మీరు కదిలితే మేం పడిపోతాం" అన్నారు. బాధేసింది, కానీ నిజం. ఆరోజు నుంచి శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ పెట్టుకుని ఒక్కో స్వరం నిలబెట్టడం మొదలుపెట్టా. ఇంట్లో యాప్‌లో పచ్చ లైటు వెలిగేది, రిహార్సల్లో నలుగురం కలిసి ఎఫ్ మేజర్ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) పడితే మాత్రం సౌండు రెపరెపలాడేది, అందరి యాప్‌లలో అందరూ కరెక్టే, కలిస్తే తప్పు. మూడు వారాలు ఇలాగే నడిచింది, నావల్ల కాదేమో అని కూడా అనుకున్నా.

ఒక రాత్రి ఇంట్లో మామూలుగా తంబూరా పెట్టుకుని నా పాత వయొలిన్ తీశాను, నాలుగు నిమిషాలు శంకరాభరణం వాయించి ఆపేశా, తంబూరా అలా మోగుతూనే ఉంది. బాగా కలిసిన తంబూరాలో మంద్ర షడ్జం (కింది సా) తీగ లోపల్నుంచి ఎవరూ మీటకుండానే అంతర గాంధారం (గా) వినిపిస్తుంది కదా, తీగ ఐదు భాగాలుగా కంపించినప్పుడు పుట్టేది, మా గురువుగారు అది వినపడితేనే శ్రుతి కలిసినట్టు అనేవారు. అప్పుడు వెలిగింది. కార్డులో ఎఫ్ షడ్జం అనుకుంటే నేను పట్టుకునే 'ఏ' (A) అనే స్వరం ఆ గాంధారమే. యాప్ చూపించేది పియానో గాంధారం, ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరాన్ని వంద సెంట్లు అంటారు, తంబూరా గాంధారం పియానో గాంధారం కన్నా దాదాపు 14 సెంట్లు కింద ఉంటుంది. పచ్చ లైటు కోసం నేను దాన్ని రోజూ పైకి లాగుతున్నానన్నమాట! మర్నాడు రిహార్సల్లో యాప్ ఆపేసి, సెల్లో ఎఫ్‌ని తంబూరా అనుకుని గాంధారం పెట్టాను, కార్డ్ ఒక్కసారిగా కదలకుండా నిలబడింది, గది పెద్దదైనట్టు అనిపించింది. సర్ బో (కమాను) ఎత్తకుండా అలాగే ఉండమని కళ్లతో సైగ చేశారు. తర్వాత ఆయనే "మరి 'ఏ' (A) తీగని ఓపెన్‌గా, వేలు పెట్టకుండా వాడకండి, దాన్ని దించలేం, డి తీగ మీద నాలుగో వేలితో తీసుకోండి" అని చిట్కా చెప్పారు. ఇరవై ఏళ్లుగా నా చెవిలో ఉన్నదాన్ని కొత్త చోట గుర్తుపట్టడానికి మూడు నెలలు పట్టింది.

మినుయెట్ ఇంకో పేచీ. రాసుండేది మూడు బీట్లలో, హైడన్ మాత్రం స్వరాలని రెండు రెండుగా కట్టి ఊపు ఇస్తాడు, చెవికి చతురశ్రంలా (నాలుగు లెక్కలా) వినిపిస్తుంది, పైగా స్పీడు. నేను తొడ మీద తాళం వేసుకుంటూ నేర్చుకున్నా, ఇది మనకి తేలికే, తిశ్రంలో (మూడు లెక్కలో) చతురశ్రం పడితే మన మృదంగం వాళ్లకి పండగ కదా. సెల్లో అబ్బాయి మాత్రం "అక్కా, మీరు జర ముందుకొస్తున్నరు, నా కోసం ఆగుండ్రి" అంటూనే ఉన్నాడు, నిజంగానే వస్తున్నాను. దాని తర్వాత వచ్చే ఆందాంతే అనే నెమ్మది భాగం ఫస్ట్ వయొలిన్, సెల్లో ఇద్దరితోనే మొదలవుతుంది, మేమిద్దరం బో ఒళ్లో పెట్టుకుని బార్లు (మన ఆవర్తాల్లాంటివి) లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఆ మౌనంలో కూడా వాయిస్తున్నట్టే ఉండాలి, పక్కవాద్యంలో కూర్చున్నవాళ్లకి ఇది అర్థమవుతుంది.

ఆంత్రాక్త్ మాత్రం నా భయాలకి అందని పీస్. మొదలు మినుయెట్ లాగే ఉంటుంది, పాత మర్యాదలన్నీ ఉంటాయి, పోనుపోను స్వరం కరిగి బో తీగ మీద రాసుకునే ఊపిరి శబ్దం మాత్రం మిగులుతుంది, మళ్లీ మెల్లగా స్వరం అవుతుంది. ఎడమ చేతి వేళ్లు తీగని నొక్కకుండా ఊరికే ఆన్చి ఉంచాలి. మొదట్లో అది సంగీతమేనా అని సెకండ్ వయొలిన్ అమ్మాయి అడిగింది, నేనూ అదే అనుకున్నా. నాలుగైదుసార్లు వాయించాక, ఎవరో పాత పాట గుర్తుచేసుకోబోయి సగంలో మర్చిపోయినట్టు వినపడటం మొదలైంది. చివర్లో సెల్లో ఒక్కటే వేళ్లతో కార్డులు మీటుతూ మిగిలిపోతుంది.

హాలు గొడవ క్లుప్తంగా చెప్తా. ఫిబ్రవరిలో బుక్ చేసుకున్న హాలువాళ్లు పది రోజుల ముందు ఫోన్ చేసి ఆరోజు వేరే ఫంక్షన్ పడిందండీ అన్నారు, అడ్వాన్స్ వెనక్కిచ్చారు, అంతే. తెలిసినవాళ్లు సైనిక్‌పురిలో ఒక స్కూలు హాలు ఇప్పించారు, ఎనభై కుర్చీలు, ఏసీ లేదు, ఫ్యాన్లు. మైకులు వద్దన్నాం, అది మంచి పని, చిన్న హాల్లో ఈ సంగీతానికి మైకు అక్కర్లేదు. ఏప్రిల్ ఎండకి చెక్క ఎండిపోయి తీగలు బిగించే పెగ్గులు జారిపోతున్నాయి, పెగ్గులకి సుద్ద రాసి గట్టిగా లోపలికి నొక్కి తిప్పాల్సొచ్చింది, ఎండాకాలం వాయించేవాళ్లు సుద్దముక్క కేసులో ఉంచుకోండి.

వచ్చినవాళ్లలో సగం చర్చి కాయిర్ వాళ్లు, సగం నా కర్నాటకం స్నేహితులు, మా అపార్ట్‌మెంట్ వాళ్లు. సర్ నన్ను తెలుగులో రెండు మాటలు చెప్పమన్నారు. మాటల కన్నా వినిపించడం మేలనిపించి వయోలా మీద ఎఫ్ పట్టుకున్నా, సెల్లో అబ్బాయి కింద ఎఫ్ వాయించాడు, "ఇప్పుడు ఇది షడ్జం" అన్నా. నేను స్వరం మార్చలేదు, అతను కిందకి జారి డి ఫ్లాట్ పట్టాడు. "ఇప్పుడు ఇదే గాంధారం." హాల్లో ఒక్కసారి "ఆహా" అన్నారు, గ్రహభేదం (రాగంలో ఇంకో స్వరాన్ని షడ్జం చేసుకుని కొత్త రాగం వినిపించడం) చేసినప్పుడు అన్నట్టే. ఇది పూర్తిగా గ్రహభేదం కాదు, చుట్టూ ఉన్న స్వరాలు కూడా మారిపోతాయి, కానీ నిలబడ్డ స్వరం కొత్త మనిషి అయిపోవడం మాత్రం అదే. కాసేపటి తర్వాత మినుయెట్ ఆగి ట్రియో మొదలైనప్పుడు రెండో వరసలోంచి చిన్నగా "అదే, అదే" అని వినపడింది. ఎవరో చూడలేదు, నా కళ్లు సర్ బో మీదే ఉన్నాయి.

ఆంత్రాక్త్‌కి ముందు ఫ్యాన్లు ఆపమని అడిగాం, పన్నెండు నిమిషాలు ఓర్చుకోమని. ఎవరూ విసుక్కోలేదు, ప్రోగ్రామ్ కాగితాలతో విసురుకుంటూ కూర్చున్నారు. స్వరం కరిగి ఊపిరి శబ్దం మిగిలే చోటికొచ్చేసరికి ఆ కాగితాల చప్పుడు కూడా ఆగిపోయింది, ఎవరు ఆపమన్నారో తెలీదు. చెమట వేళ్ల మీదకి కారుతోంది. చివర్లో సెల్లో అబ్బాయి మీటుతుంటే నేను అతని కుడిచెయ్యే చూస్తూ కూర్చున్నా, ఆఖరి కార్డ్ తర్వాత చెయ్యి తీగలకి కాస్త దూరంలో అలాగే ఉంచాడు, చాలాసేపు. చప్పట్ల కన్నా ముందు ఎవరో ఫ్యాన్ స్విచ్ వేశారు.

సెకండ్ వయొలిన్ అమ్మాయికి పుణె ట్రాన్స్‌ఫర్ అయింది, జూన్‌లో వెళ్లిపోతోంది. కొత్తవాళ్లు దొరికేదాకా మేం ముగ్గురం ట్రియోలు, అంటే ముగ్గురి కోసం రాసిన పీసులు, చదువుతున్నాం, ఆదివారం పొద్దున తొమ్మిదికే.