పో అటు పో, రా ఇటు రా

మాంచెస్టర్‌లో మా అమ్మాయి వంటింట్లో చపాతీ పిండి కలుపుతూ కాళ్లతో ఏదో చేస్తుంటే, తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. చూస్తే, "స్లో... క్విక్ క్విక్... స్లో" అని గొణుక్కుంటోంది. తనది ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, వారానికి మూడు రాత్రులు డ్యూటీ. ఆ బడలిక పోవడానికి బాల్‌రూమ్ డాన్స్ క్లాసులో చేరిందట. "దీన్ని క్విక్‌స్టెప్ అంటారమ్మా. శనివారం, పెద్ద డాన్సు హాలున్న బ్లాక్‌పూల్ వెళ్దాం, నువ్వూ వేద్దువుగాని" అంది.

నాకు 58 ఏళ్లు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. డాన్సంటే వార్షికోత్సవానికి ఆడపిల్లల చేత కోలాటం వేయించడం ఒక్కటే తెలుసు. పైగా ఇదేమో జంటగా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. "మీ నాన్నకి చెప్పకు" అన్నాను ముందు జాగ్రత్తగా. రానని మాత్రం అనలేదు.

రైలు బోల్టన్, ప్రెస్టన్ మీదుగా వెళ్తుంది. దారిలో అక్కడక్కడా ఎర్ర ఇటుకల పాత మిల్లులు, పొడుగాటి పొగగొట్టాలు కనిపించాయి. వాటి వంక నేను ఊరికే చూడలేకపోయాను. మాది చీరాల పక్కన పేరాల. మా తాత గుంత మగ్గం మీద నేసేవాడు. ఆయన నోట 'మాంచెస్టర్ గుడ్డ' అన్న మాట తిట్టులాగే వచ్చేది. ఆ గుడ్డ ఈ మిల్లుల్లోదే. 1931 సెప్టెంబరులో గాంధీగారు రౌండ్ టేబుల్ సమావేశం కోసం లండన్ వచ్చినప్పుడు, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న డార్వెన్ ఊరికి వచ్చారు. మన విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ కూడా తగిలిన ఊరది. ఆయన్ని నిలదీయాల్సిన మిల్లు ఆడవాళ్లు చుట్టూ చేరి నవ్వుతూ జేజేలు కొడుతున్న ఫొటో నేను ఎన్నోసార్లు క్లాసులో పిల్లలకి చూపించాను. ఆ నవ్వు నాకెప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు.

బ్లాక్‌పూల్ సముద్రం గురించి పెద్దగా చెప్పను. మా వాడరేవు చూసినవాళ్లకి ఆ బూడిదరంగు నీళ్లు ఆనవు. గాలి మాత్రం మనిషిని నిలవనివ్వదు. ఇసుకలో పిల్లల్ని గాడిదల మీద తిప్పుతున్నారు. ఒడ్డు వెంబడి ట్రాములు పోతున్నాయి, ఇవి 1885 నుంచీ ఉన్నాయట. నడుమ ఐఫిల్ టవర్ తమ్ముడిలా ఒక ఇనప గోపురం. 1894లో కట్టారు, ఎత్తు 518 అడుగులు. మా అమ్మాయి పైకి ఎక్కుదామంది. నేను కిందనే తేల్చుకుందామన్నాను. మేం వచ్చిన డాన్సు హాలు, టవర్ బాల్‌రూమ్, ఆ గోపురం కాళ్ల మధ్యే ఉంది.

లోపలికి అడుగుపెట్టగానే నాకు నోట మాట రాలేదు. రెండంతస్తుల బాల్కనీలు, బంగారు పూత, కప్పు నిండా చిత్రాలు, వేలాడే గాజు దీపాలు, వేదిక మీద షేక్‌స్పియర్ పంక్తి. ఇది ఏ రాజుగారి దర్బారో అయి ఉంటుందనుకున్నాను. కానే కాదు. పక్కనే వింటర్ గార్డెన్స్‌ అనే వినోదశాల వాళ్లు 1896లో ఎంప్రెస్ బాల్‌రూమ్ కడితే, టవర్ వాళ్లు ఊరుకోలేక నాటకశాలలు కట్టడంలో పేరుమోసిన ఫ్రాంక్ మ్యాచమ్‌ని పిలిపించి 1899లో దీన్ని ఇలా తయారుచేయించారు. అచ్చం మన ఎదురెదురు సినిమా హాళ్ల పోటీలాంటిదే. ఇంతకీ ఈ హంగంతా ఎవరికోసమంటే, మిల్లుల్లో పనిచేసే జనం కోసం. అప్పట్లో లాంకషైర్‌లో ఒక్కో ఊరి మిల్లులన్నీ ఏడాదికోసారి వారం పాటు మూతపడేవి. ఒక వారం ఓల్డమ్, ఇంకో వారం బర్న్లీ, అలా వంతులు. 'వేక్స్ వీక్' అనేవారు. ఏడాదంతా కూడబెట్టుకున్న చిల్లరతో ఊరికి ఊరే రైలెక్కి ఇక్కడ దిగేది. ఆ వారానికి జీతం కూడా ఉండేది కాదు. జీతంతో సెలవు అన్న చట్టం 1938లో గాని రాలేదు.

నేల దగ్గర వంగి చూశాను. మహాగని, ఓక్, వాల్‌నట్ చెక్క ముక్కలు, మొత్తం 30,602 అట, ముగ్గు వేసినట్టు పేర్చారు. 120 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పు. 1956 డిసెంబరులో అగ్నిప్రమాదంలో ఈ నేల కాలిపోతే, మళ్లీ ఉన్నది ఉన్నట్టు చేయడానికి రెండేళ్లు పట్టిందట. అడుగు వేస్తే కొంచెం తేలినట్టు ఉంటుంది. కింద స్ప్రింగు ఉందని మా అమ్మాయి చెప్పింది.

మేం బల్ల దగ్గర కూర్చుని టీ, స్కోన్లు చెప్పాం. ఇంతలో వేదిక మధ్యలోంచి తెల్లటి వర్లిట్జర్ ఆర్గన్, దాన్ని వాయించే మనిషితో సహా, పాతాళంలోంచి మాయలమరాఠీలా పైకి లేచింది. ఒక్క మనిషి చేతులతో, కాళ్లతో వాయిస్తుంటే మొత్తం బ్యాండు మోగుతున్నట్టుంది. జంటలు లేచాయి. సగానికి పైగా అరవై దాటినవాళ్లే. ఆడవాళ్లూ ఆడవాళ్లూ జంటలుగా చాలామంది ఉన్నారు. అది చూశాక నాకు సగం టెన్షన్ పోయింది.

టీ తాగుతూ మా అమ్మాయి ఈ డాన్సు పుట్టుక చెప్పింది. 1914 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఫాక్స్‌ట్రాట్ అనే జంట డాన్సు మొదలైంది. మొదటి యుద్ధం అయిపోయాక 1919లో లండన్‌లో హామర్‌స్మిత్ పాలే అనే పెద్ద డాన్సు హాలు తెరిస్తే, అమెరికా నుంచి వచ్చిన ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాజ్ బ్యాండ్ వాళ్లు అక్కడ వాయించారు. కుర్రకారు తోసుకుంటూ పోయేవారు. బ్యాండ్లు రానురాను జోరు పెంచాయి. ఆ జోరులో ఫాక్స్‌ట్రాట్ పొడవాటి అడుగులు ఎలా పడతాయి? 1925 నాటికి ఇంకోటి వచ్చిపడింది, చార్ల్‌స్టన్. అమెరికా దక్షిణాదిలో నల్లజాతివాళ్లు పుట్టించిన ఆట, 1923లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి ఎక్కి సముద్రం దాటింది. మోకాళ్లు తిప్పడం, కాళ్లు విసరడం దాని లక్షణం. కిక్కిరిసిన హాల్లో పక్కవాళ్ల పిక్కలు వాచిపోయేవి. 'దయచేసి చార్ల్‌స్టన్ నెమ్మదిగా వేయండి' అని కొన్ని హాళ్లలో బోర్డులు పెట్టారట! చివరికి ఇంగ్లీషువాళ్లు ఏం చేశారంటే, చార్ల్‌స్టన్ ఉత్సాహాన్ని ఉంచుకుని తన్నులు తీసేశారు. దాన్ని జోరు ఫాక్స్‌ట్రాట్‌లో కలిపేశారు. నిదానంగా వేసేది స్లో ఫాక్స్‌ట్రాట్‌గా మిగిలింది, పరుగెత్తేది 1920ల చివరికి క్విక్‌స్టెప్ అయింది. నన్నడిగితే, ఎవరి ఆటనో తెచ్చి బుద్ధిగా తల దువ్వి చొక్కా గుండీలు పెట్టినట్టుంది. కానీ ఆ తలదువ్విన పిల్లాడు లోపల ఇంకా గంతులు వేస్తూనే ఉన్నాడు. ఆ హాల్లో చూస్తే తెలిసిపోతుంది.

"సరే, లే" అంది మా అమ్మాయి.

లేచాను, కదలలేకపోయాను. నా వాకింగ్ షూ అడుగున రబ్బరు. చెక్క నేలని జిగురులా పట్టుకుంది. తిరగబోతే మోకాలు తిరిగింది గాని పాదం తిరగలేదు. ఈ డాన్సుకి అడుగున మెత్తటి తోలు ఉన్న బూట్లు కావాలి. మా అమ్మాయి రెండో జత తెచ్చింది, లోపల మేజోళ్లు దట్టంగా వేస్తే సరిపోయాయి. వేసుకునే ముందు ఒక చిన్న ఇనప తీగల బ్రష్‌తో అడుగు తోలు గీకింది. నునుపెక్కితే జారుతుందట. జారకూడదు, అంటుకోకూడదు. మధ్యస్థంగా ఉండాలి.

రెండో తప్పు నాదే. మనకి గుళ్లో ప్రదక్షిణ అలవాటు. కుడిచేతి వైపు గర్భగుడి ఉంచుకుని తిరుగుతాం కదా. అలవాటు ప్రకారం అటే బయల్దేరాను. ఎదురుగా జంటలు లారీల్లా వచ్చేస్తున్నాయి. బాల్‌రూమ్‌లో అందరూ అప్రదక్షిణంగానే తిరగాలి, హాలు మధ్యభాగం ఎడమచేతి వైపు ఉండాలి. "రాంగ్ రూట్, అమ్మా!" అని మా అమ్మాయి నా భుజాలు పట్టుకుని తిప్పేసింది.

మూడోది, లెక్క. మా అమ్మాయి "స్లో, క్విక్, క్విక్, స్లో" అంటుంటే నాకు అడుగు పడటం లేదు. ఇంగ్లీషు మాటలు చెవిలో పడి కాళ్లకి చేరేలోగా పాట వెళ్లిపోతోంది. బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. టిష్యూ కాగితం మీద గీసుకున్నాను. స్లోకి రెండు దెబ్బలు, క్విక్‌కి ఒకటి. రెండు మాత్రలంటే గురువు, ఒకటంటే లఘువు! గురువు, లఘువు, లఘువు, గురువు. భగణం, పైన ఒక గురువు. ఉత్పలమాల ఎత్తుగడ! ఇన్నేళ్లు పిల్లల చేత బ్లాక్‌బోర్డు మీద గణాలు గుర్తింపజేసింది ఇందుకా అనిపించి నవ్వొచ్చింది.

మాత్రలు కూడితే ఆరు. పాటేమో నాలుగేసి దెబ్బలుగా నడుస్తుంది, నిమిషానికి ఇంచుమించు 200 దెబ్బలు. అంటే నాలుగు నాలుగుగా పోయే పాట మీద ఆరు ఆరుగా అడుగు పడుతుంది. ఒక వరుస వేసేసరికి పాటలో ఒకటిన్నర ఆవర్తం అవుతుంది. రెండు వరుసలు వేస్తే పన్నెండు, అప్పుడు మళ్లీ మొదటి దెబ్బ మీద కలుస్తారు. క్విక్‌స్టెప్ చూస్తుంటే వాళ్లు ఎప్పుడూ పాటని తరుముతున్నట్టు కనిపించడానికి ఇది ఒక కారణమని నా అనుమానం.

ఇక మాట కావాలి. ఆడవాళ్ల అడుగు మొదట ఎడమకాలు వెనక్కి: అది గురువు. కుడికాలు పక్కకి, ఎడమకాలు దాని పక్కకి చేర్చడం: రెండు లఘువులు, మునివేళ్ల మీద లేస్తూ. మళ్లీ కుడికాలు పక్కకి, కాస్త ముందుకి: గురువు. వెనక్కి వెళ్లడం కాబట్టి, "పో అటు పో". తర్వాతి వరుసలో ఎడమకాలు ముందుకి పడుతుంది, మడమ ముందు ఆనాలి, తతిమ్మా ఇంచుమించు అలాగే. ముందుకి రావడం కాబట్టి, "రా ఇటు రా". మాత్రలు సరిగ్గా సరిపోయాయి.

నా గొణుగుడు చూసి పక్క బల్ల నుంచి ఒక ముసలావిడ లేచి వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి, సన్నగా పొడుగ్గా ఉంది. నన్ను "లవ్" అని పిలిచింది. ఈ ప్రాంతంలో బస్సు డ్రైవరు కూడా అలాగే పిలుస్తాడు, కంగారు పడనక్కర్లేదు. తనకి మగవాడి అడుగులు వచ్చునని, తనతో వేయమని అడిగింది. చిన్నప్పటి నుంచీ పొడుగని ఆ భాగమే నేర్పారట. పూర్వం ఈ హాల్లో ఒక నియమం ఉండేది: ఆడతోడు లేకుండా మగవాళ్లు డాన్సు చేయరాదు. ఆడవాళ్లకి అలాంటి అడ్డేమీ పెట్టలేదు చూడండి.

ఆవిడ నన్ను తనకి కొంచెం కుడివైపుగా నిలబెట్టింది. నా ఎడమచెయ్యి తన కుడి భుజం కింద పెట్టుకుంది. తల ఎడమకి తిప్పి దూరంగా చూడమంది, కాళ్లు చూసుకోవద్దంది. వెనక్కి వెళ్లేటప్పుడు దారి చూసుకునే బాధ్యత తనదే. మనకి వెనక్కి నడవడం అంటే భయం కదా. ఆ భయం ఆవిడ అరచేతి కింద నిమిషంలో తగ్గింది. నాలుగు వరుసలు బాగానే పడ్డాయి. అయిదోదానికి నా మడమ కుచ్చిళ్ల మీద పడి, కుప్పడం చీర పర్రున అంచు దగ్గర చిరిగింది. ఆగి, పిన్నీసు పెట్టుకుని, చీర బెత్తెడు పైకి దోపాను.

ఆ కాస్త విరామంలో ఆవిడ చీర అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూసింది. చేనేతా అని అడిగింది. అవునన్నాను, మా తాత నేతగాడని కూడా చెప్పాను. వాళ్లమ్మ బర్న్లీలో మగ్గాల షెడ్డులో పనిచేసిందట. వందల మగ్గాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి, అక్కడ ఆడవాళ్లు శబ్దం లేకుండా పెదాలు బాగా కదిపి మాట్లాడుకునేవారట, అవతలివాళ్లు పెదాలు చదివేవారట. ఇంట్లో కూడా వాళ్లమ్మకి ఆ అలవాటు పోలేదట. నేను మా తాత గుంతలో కాళ్లతో చెక్కలు తొక్కడం చేసి చూపించాను. టక, టకటక. ఆవిడ వెంటనే తన బూటు మడమతో ఇంకో తాళం వేసి చూపించింది. మిల్లుల్లో చెక్క అడుగుల చెప్పులతో మగ్గాల తాళానికి అడుగులు వేసేవారట, దాన్నుంచే క్లాగ్ డాన్స్ వచ్చిందంటారట. రైల్లో గుర్తొచ్చిన ఆ ఫొటో మళ్లీ కళ్లముందుకొచ్చింది.

మళ్లీ క్విక్‌స్టెప్ మొదలైంది. ఆర్గన్ ఈసారి ఎంత గట్టిగా మోగిందంటే ఆవిడ చెప్పేది నాకు వినపడలేదు, నాది ఆవిడకి వినపడలేదు. నేను నా లెక్క పైకే అనుకుంటున్నాను. రెండో మూల దాటాక చూద్దును కదా, ఆవిడ నా మొహం వంకే చూస్తోంది. పెదాలు నాతోపాటే పెద్దగా, స్పష్టంగా కదులుతున్నాయి: పో అటు పో, రా ఇటు రా. హాలు ఒక పూర్తి చుట్టు తిరిగి వచ్చాం, ఒక్క అడుగు తప్పలేదు. పాట ఆగింది. అప్పుడు ఆవిడ తను నేర్చుకున్న తెలుగు పైకి అంది:

"పో, ఆటో, పో!"

చీరాల స్టేషన్ బయట ఆటోలవాళ్లు గుర్తొచ్చి నవ్వుతూ ఒక అడుగు వెనక్కి వేశాను. పిన్నీసు ఊడింది.