షియర్ స్ట్రెయిన్‌కి ప్లస్సా మైనస్సా: నా తిప్పలు

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో నన్ను బాగా ఏడిపించింది పెద్ద పెద్ద డెరివేషన్లు కాదు, ఒక్క గుర్తు. నార్మల్ స్ట్రెయిన్‌తో (అసలు పొడవులో ఎంత వంతు మారిందో చెప్పేది) ఏ గొడవా లేదు, సాగితే ప్లస్, కుంచించుకుంటే మైనస్, అయిపోయింది. షియర్ స్ట్రెయిన్ దగ్గరకొచ్చేసరికి సాగడం లేదు కుంచించుకోవడం లేదు, చతురస్రం పక్కకి వాలిపోతుంది అంతే, మరి దానికి ప్లస్ ఏంటి మైనస్ ఏంటి? నాకు నేనే ఒక రూల్ పెట్టేసుకున్నా, గడియారం ముల్లు తిరిగే వైపు వాలితే మైనస్, దానికి ఎదురు వైపు వాలితే ప్లస్ అని. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా చదవలేదు, ఎందుకో అలా ఫిక్సయిపోయా.

ఆ రూల్ పరీక్షలో ముంచింది. లెక్క ఇది. ఒక ప్లేటు, వెడల్పు 400 మిల్లీమీటర్లు, ఎత్తు 300. కింద ఎడమ మూల కదలదు. పైన ఎడమ మూల కుడికి 3 మిల్లీమీటర్లు జరిగింది, కింద కుడి మూల 2 మిల్లీమీటర్లు కిందకి దిగింది. కదలని మూల దగ్గర షియర్ స్ట్రెయిన్ ఎంత? నేను 3ని 300తో భాగిస్తే 0.01, 2ని 400తో భాగిస్తే 0.005, రెండు అంచులూ ఒకే వైపు తిరిగాయి కదా అని కలిపేసి 0.015 చేసి, ముందు మైనస్ కూడా తగిలించి వచ్చేశా. అంకె తప్పు, గుర్తూ తప్పు. (అంతకుముందు ఇంకో టెస్టులో ఇంకా ఘోరం, కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందని చూసుకోకుండా ట్యాన్ ఇన్వర్స్ కొట్టి స్ట్రెయిన్ 0.57 అని రాశా. గామా (షియర్ స్ట్రెయిన్‌కి వాడే గుర్తు) రేడియన్లలో ఉండాలని ఆ దెబ్బకి గుర్తుండిపోయింది.)

పేపర్ ఇచ్చాక మా సీనియర్ అన్న దగ్గరకి పట్టుకెళ్తే ఆయన ఒకటే అడిగాడు, "అంచులు ఎటు తిరిగాయో నీకెందుకురా, మధ్యలో ఉన్న కోణం ఏమైందో చెప్పు" అని. అప్పుడు చూశా. నిలువు అంచు లోపలికి వాలింది, కోణం 0.01 మూసుకుంది. అడుగు అంచు కిందకి దిగింది, కోణం 0.005 తెరుచుకుంది. మొత్తమ్మీద 0.005 మూసుకుంది. ప్లస్ ఎక్స్, ప్లస్ వై వైపు వెళ్లే రెండు అంచుల మధ్య లంబకోణం తగ్గితే ప్లస్, పెరిగితే మైనస్, ఉన్న రూల్ ఇంతే, కాబట్టి జవాబు ప్లస్ 0.005. అదే కుడి మూల 2 కాకుండా 4 మిల్లీమీటర్లు దిగి ఉంటే? 0.01 మూసుకుని 0.01 తెరుచుకునేది, షియర్ సున్నా. ప్లేటు ఉన్నది ఉన్నట్టు కాస్త తిరిగిందంతే. తిరగడం వేరు, ఆకారం మారడం వేరు అని నాకు నిజంగా వెలిగింది అక్కడే.

ఇంకో డౌట్ మాత్రం మిగిలింది. చతురస్రం వాలితే రెండు మూలలు తగ్గుతాయి, రెండు పెరుగుతాయి, మరి దేన్ని చూడాలి? దీనికి అన్న జేబులోంచి గళ్ళ రుమాలు తీసి టేబుల్ మీద పరిచి, కింద ఎడమ మూల నన్ను పట్టుకోమని పైన కుడి మూల తను పట్టుకుని ఐమూలగా లాగాడు. గళ్ళన్నీ డైమండ్‌లు అయిపోయాయి. మేం లాగిన వైపు పొడుగయ్యాయి, అడ్డంగా సన్నబడ్డాయి. నా చేతి దగ్గర కోణం మూసుకుంది, ఆయన చేతి దగ్గరా మూసుకుంది, మిగతా రెండు మూలలూ తెరుచుకున్నాయి. అంటే ఎక్స్‌కీ వైకీ మధ్యలో 45 డిగ్రీల ఐమూల గీత నార్మల్ స్ట్రెయిన్ల వల్ల సాగాల్సిన దానికంటే ఎక్కువ సాగితే గామా ప్లస్, తక్కువైతే మైనస్. నాకు డెఫినిషన్ కంటే ఇదే బాగా పట్టుకుంది.

ల్యాబ్‌లో స్ట్రెయిన్ రోజెట్ (ఒకే చోట మూడు దిశల్లో స్ట్రెయిన్ కొలిచే గేజ్‌ల గుంపు) వచ్చినప్పుడు ఇది భలే పనికొచ్చింది. 0 డిగ్రీల గేజ్ 400 మైక్రోస్ట్రెయిన్ (అంటే పది లక్షల్లో 400 వంతులు), 90 డిగ్రీలది మైనస్ 100, మధ్యలో 45 డిగ్రీలది 90 చూపించింది. నార్మల్ స్ట్రెయిన్ల వల్ల ఐమూల గీత సాగాల్సింది మొదటి రెంటి సగటు, 150, మధ్య గేజ్ అంతకంటే తక్కువ, కాబట్టి ఫార్ములా ముట్టుకోకముందే మైనస్ అని తెలిసిపోయింది. తేడా మైనస్ 60, అది గామాలో సగం, గామా మైనస్ 120.

ఆ "సగం" దగ్గర మాత్రం మోర్ సర్కిల్‌లో (ఏ దిశలో స్ట్రెయిన్ ఎంతో చూపించే వృత్తం) మళ్ళీ పడ్డా. సర్కిల్ మీద గామా కాదు గామాలో సగం పెట్టాలి, పైగా కొన్ని పుస్తకాల్లో ప్లస్ గామాని కిందకి గీస్తారు, అలా గీస్తే సర్కిల్ మీద తిరిగే దిశా అసలు ఎలిమెంట్ (మనం చూసే చిన్న చతురస్రం ముక్క) తిరిగే దిశా ఒకటే అవుతాయని. కొన్ని పుస్తకాల్లో పైకే గీస్తారు. ఇప్పటికీ కొత్త పుస్తకం ఏది తెరిచినా ఆ చాప్టర్‌లో నేను ముందు చూసేది నిలువు యాక్సిస్ బాణం ఎటుందో.