మనలో ఒకడు కాదు

1940 డిసెంబర్ 31న న్యూయార్క్ రేవులో దిగేసరికి ఫ్రెంచ్ సినిమా దర్శకుడు జాఁ రెన్వార్‌కి 46 ఏళ్లు. లిస్బన్ నుంచి వచ్చిన ఆ ఓడలో అతనితో కేబిన్ పంచుకున్నది రచయిత సెంత్-ఎగ్జుపెరీ. వెంట దిదో ఉంది, తర్వాత ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో తగిలిన తూటా వల్ల రెన్వార్‌కి ఒక కాలు కుంటి. డాక్యుమెంటరీలు తీసే రాబర్ట్ ఫ్లాహర్టీ సాయం చేయబట్టి అమెరికా రావడం కుదిరింది. కొద్ది రోజుల్లోనే హాలీవుడ్‌లో ట్వంటీయెత్ సెంచరీ ఫాక్స్‌తో ఒప్పందం అయిపోయింది. మన భాషలో చెప్పాలంటే, దిగీ దిగగానే ఆఫర్ లెటర్ చేతికొచ్చింది.

ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా అతన్ని ఇబ్బంది పెట్టింది భాష కాదు, పని పంచుకునే తీరు.

స్టూడియో పద్ధతి ఇలా ఉండేది. ముందు సీన్ మొత్తం దూరం నుంచి ఒక మాస్టర్ షాట్. తర్వాత ఒకరి భుజం మీదుగా ఎదుటివాడి ముఖం, మళ్లీ ఇటువైపు నుంచి అదే. ఆపైన ఇద్దరికీ విడివిడిగా క్లోజప్‌లు. ఒకే డైలాగు అయిదారు కోణాల్లో ఫిల్మ్ మీదికి చేరుతుంది. మర్నాడు ఆ రషెస్, అంటే ఇంకా కోయని ఫిల్మంతా, నిర్మాత చూస్తాడు. ఎక్కడ కోయాలో, ఎవరి ముఖం మీద ఆగాలో నిర్మాతా ఎడిటరూ తేలుస్తారు. దర్శకుడు అప్పటికి ఇంకో సెట్లో ఉండొచ్చు. ఇన్ని కోణాలు తీయించడం వెనక అసలు ఉద్దేశం అదే: దర్శకుడు లేకపోయినా సినిమా పూర్తవ్వాలి.

రెన్వార్ పని దీనికి సరిగ్గా తిరగబడ్డట్టు ఉండేది. ముందు నటుల్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టి డైలాగులు టెలిఫోన్ డైరెక్టరీ చదివినట్టు, ఏ భావమూ లేకుండా చదివించేవాడు. అరువు తెచ్చుకున్న హావభావాలు రాలిపోయేదాకా అంతే. తర్వాతే కదలిక. కెమెరా ముందు ఒకరు, వెనక గుమ్మంలో ఇంకొకరు, ఇద్దరూ స్పష్టంగా కనపడాలి. కట్ లేకుండా కెమెరా వాళ్ల వెంట నడవాలి. ఇందులో చిక్కేమిటంటే, చివర్లో ఒక్కడు తడబడితే టేకంతా మళ్లీ మొదటికొస్తుంది. కోసి అతికించడానికి క్లోజప్‌లు ఉండవు. రోజు గడిచేకొద్దీ ఖర్చు పెరిగే చోట పొద్దంతా బల్ల దగ్గర చదువుతూ కూర్చోవడం పై ఆఫీసుకి పని ఎగ్గొట్టినట్టే కనిపిస్తుంది.

శబ్దం విషయంలోనూ పట్టుదలే. 1931లో తన తొలి టాకీకి టాయిలెట్లో నీళ్లు వదిలే చప్పుడు కావాలంటే నిజం టాయిలెట్ దగ్గరే మైకు పెట్టించాడు. డబ్బింగ్ అంటే గిట్టేది కాదు, ఒకరి ఒంట్లో ఇంకొకరి గొంతు దూర్చడం పాపమనేవాడు. డబ్బింగ్ లేని సినిమా ఊహకే అందని మనకి ఇది చాదస్తంగా అనిపించొచ్చు.

ఫాక్స్‌లో మొదటి కథ జార్జియాలోని ఓకిఫినోకీ చిత్తడి అడవిది. అక్కడికే వెళ్లి తీస్తానన్నాడు. ఇక్కడే సెట్ వేసుకోవచ్చు కదా, అంతదూరం ఎందుకని స్టూడియోవాళ్లకి అర్థం కాలేదు. చివరికి చిన్న బృందంతో, ప్రధాన నటుల్లో డేనా ఆండ్రూస్‌ని మాత్రం తీసుకెళ్లనిచ్చారు. మిగతాదంతా సెట్లోనే. పని నెమ్మదిగా సాగుతోందని స్టూడియో పెద్ద డారిల్ జానక్ నుంచి మెమోలు. 1941లో సినిమా విడుదలైంది, బాగానే ఆడింది. అయినా ఒప్పందం అక్కడితో సరి. 'రెన్వార్‌కి ప్రతిభ బోలెడు, కానీ మనలో ఒకడు కాదు' అని జానక్ అన్నాడని చెప్పుకుంటారు. విదేశంలో ఉద్యోగం చేసినవాళ్లకి ఈ వాక్యం విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత యూనివర్సల్‌లో ఒక సినిమా షూటింగ్ మధ్యలోనే వదిలేశాడు. ఆర్‌కేవో స్టూడియోలో నాజీల ఆక్రమణ మీద తీసినది అమెరికాలో ఆడింది, యుద్ధమయ్యాక ఫ్రాన్స్‌లో మాత్రం జనం మండిపడ్డారు. ఆక్రమణని అనుభవించినవాళ్లకి కాలిఫోర్నియా సెట్లో కట్టిన ఫ్రెంచ్ ఊరు చూపిస్తే ఇంకేమవుతుంది?

అతని చెయ్యి నిజంగా ఆడింది 1945లో, టెక్సాస్ కౌలురైతు కుటుంబం కథతో. స్టూడియో బయటి నిర్మాతల డబ్బు. కాలిఫోర్నియాలోనే, మడేరా దగ్గరి పొలాల్లో ఆరుబయట తీశారు. నిన్నగాక మొన్న వచ్చిన ఫ్రెంచివాడు అమెరికా పత్తిరైతు కష్టాన్ని చూపించి ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు. అమెరికా దక్షిణాదిలోని మెంఫిస్‌లో సెన్సార్ అధికారి దాన్నే నిషేధించాడు. మా పేదరికం బయటివాడికెందుకు అన్న ఉక్రోషం అన్ని దేశాల్లోనూ ఒకటే కాబోలు. మరుసటి ఏడే అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు.

1947 సినిమాతో మళ్లీ స్టూడియో దెబ్బ. విడుదలకి ముందు శాంటా బార్బరాలో ఎక్కువమంది విద్యార్థులున్న హాల్లో ప్రివ్యూ వేస్తే వాళ్లకి ఎక్కలేదు. భయపడి చాలా భాగం తిరగతీశారు. అలా అతికినప్పుడు మొదటి తీత ఊపూ పోతుంది, రెండోదీ నిలబడదు. తెర మీద ఆ అతుకులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ తర్వాత హాలీవుడ్ స్టూడియోల్లో పని దొరకలేదు.

అప్పుడు డబ్బు పెట్టడానికి వచ్చింది లాస్ ఏంజెలెస్ పూలవ్యాపారి కెనెత్ మెకెల్డౌనీ. రూమర్ గాడెన్ నవల 'ది రివర్' తీయడానికి రెన్వార్ పెట్టిన షరతు ఒకటే, బెంగాల్‌లోనే తీయాలి. 1949 మొదట్లో వెళ్లి స్థలాలు చూసుకున్నాడు. అడ్వర్టైజింగ్ కంపెనీలో పనిచేసే సత్యజిత్ రాయ్ ఆయన వెంట తిరిగాడు. ఆ ఏడు చివర్లో కలకత్తా దగ్గరి బారక్‌పూర్‌లో, హుగ్లీ ఒడ్డున షూటింగ్ మొదలైంది.

భారతదేశంలో టెక్నికలర్ అనే రంగుల పద్ధతిలో తీసిన తొలి కథాచిత్రం అదే. ఆ కెమెరాని అమ్మేవారు కాదు, అద్దెకే ఇచ్చేవారు. లోపల ఒక పట్టకం వెలుతురుని రెండుగా చీలుస్తుంది. మూడు నలుపు-తెలుపు ఫిల్ములు ఒకేసారి కదులుతాయి: ఆకుపచ్చకి ఒకటి విడిగా, నీలానికీ ఎరుపుకీ ఒకదాని మీద ఒకటి ఆనించిన జంట. వెలుతురు ఇలా చీలిపోతుంది కాబట్టి మామూలు ఫిల్మ్‌కి కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ లైటింగ్ కావాలి. మోటారు మోత మైకులో పడకుండా కెమెరాకి పెద్ద పెట్టె తొడగాలి, అప్పుడది కదలాలంటే నలుగురు పట్టాలి. నెగెటివ్ లండన్ ల్యాబుకి వెళ్లాలి. అది కడిగి ఫలితం తెలిసేలోగా ఇక్కడ వారాలు గడిచిపోతాయి, ఏదైనా తేడా వచ్చిందని తెలిసేసరికి ఆ సీన్ వెనకబడిపోయి ఉంటుంది. కంటిచూపునీ కాగితం మీది లెక్కనీ నమ్ముకోవడమే. కెమెరామన్ అతని అన్న కొడుకు క్లోద్.

నాట్యం చేసిన అమ్మాయి రాధ మద్రాసు కళాక్షేత్రలో నేర్చుకుంది. తర్వాత రాధా బర్నియర్‌గా అడయారు దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలైంది. కళాదర్శకుడు యూజీన్ లూరియే దగ్గర సహాయకుడిగా, తర్వాత రాయ్ సినిమాలకి కళాదర్శకుడైన బన్సీ చంద్రగుప్త చేరాడు.

తర్వాత రాయ్‌కి కెమెరామన్ అయిన సుబ్రత మిత్రాకి మాత్రం పని దొరకలేదు. ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు, చూడ్డానికే వచ్చేవాడు. ఏ లైటు ఎక్కడ పెట్టారో, నటుడు ఎటు నడిచాడో, కెమెరా ఎంత జరిగిందో బొమ్మలు గీసి రాసుకునేవాడు. ఒక షాట్ మళ్లీ తీయాల్సి వచ్చినప్పుడు, లైట్లు మొదటిసారిలాగే ఉన్నాయో లేదో సరిచూసుకోవడానికి క్లోద్ ఆ కుర్రాడి నోటుబుక్కు అడిగి తీసుకున్నాడట.