470 అన్నాడు బావ

నిద్ర పట్టడం లేదు. బావ గొంతే ఇంకా చెవిలో తిరుగుతోంది. "నాలుగు వందల డెబ్బై! నంబర్ వచ్చేసింది కదా, ఇంకా ఆలోచనేంటి, కొట్టెయ్!"

ఇవాళ వేటలో, జింక లోయ అవతల వాలులో మేస్తోంది, 470 మీటర్ల దూరంలో. నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు. అది నెమ్మదిగా పొదల్లోకి వెళ్ళిపోయింది. ఇక తిరిగొచ్చే దారంతా సణుగుడే. చేతిలో ఇంత మంచి రేంజ్‌ఫైండర్ (లేజర్‌తో దూరం కొలిచే యంత్రం) పెట్టుకుని ఎవరైనా వదిలేస్తారా అని. జింక పోయిందని నాకేం బాధ లేదు. ఆ "వచ్చేసింది కదా" అన్న మాటే మింగుడు పడటం లేదు.

బావ ఒక్కసారి నొక్కుతాడు, అరుస్తాడు. తర్వాత నేను తీసుకుని చూశాను. నొక్కగానే కంటి ముందు ఎర్ర అంకెలు: 468. మళ్ళీ నొక్కితే 512. ఇంకోసారి 471. ఆ 512 జింకది కాదు, దాని వెనక గట్టుది. లేజర్ సూదిలా సన్నగా పోతుందనుకుంటాం గానీ, పోనుపోనూ విచ్చుకుంటుంది. ఒక మిల్లీరేడియన్ విచ్చుకునే కిరణమైతే 500 మీటర్ల దగ్గర అర మీటరు వెడల్పు అవుతుంది. చెయ్యి కాస్త వణికితే సగం జింక మీద, సగం గట్టు మీద. ముందు పొడుగు గడ్డి ఉంటే గడ్డి దూరమే చెప్తుంది. అందుకే బ్యాగు మీద ఆనించి, మూడు నాలుగు సార్లు నొక్కి, అంకె ఒక్కచోటే నిలబడుతోందో లేదో చూసుకోవాలి. దాని అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే గరిష్ఠ దూరం కూడా బాగా మెరిసే బోర్డుల మీద కొలిచింది. జింక ఒంటి మీది బొచ్చు అంత వెలుగుని వెనక్కి పంపదు. ఎన్నిసార్లు చెప్పినా బావ ఆ పెట్టె మీది అంకెనే పట్టుకుని వేలాడతాడు.

వాలు సంగతీ అంతే. తూటాని కిందికి లాగేది భూమ్యాకర్షణ, దానికి లెక్క అడ్డంగా ఉన్న దూరమే. 30 డిగ్రీలు కిందికి చూస్తూ 400 మీటర్లు కొలిస్తే, గురికి లెక్కలోకి తీసుకోవాల్సింది దాదాపు 346. మా రేంజ్‌ఫైండర్ రెండు అంకెలూ చూపిస్తుంది, పైన నేరు దూరం, కింద వాలు సరిచేసింది. బావ ఎప్పుడూ పైదే చదువుతాడు.

పోనీ 470 సరిగ్గానే వచ్చిందనుకుందాం. మాది .308 రైఫిల్. 168 గ్రెయిన్ల (దాదాపు 11 గ్రాముల) తూటాతో 100 మీటర్లకి జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేస్తే, 500 దగ్గరికి వెళ్ళేసరికి ఒకటిన్నర మీటర్లకి పైగా కిందికి జారుతుంది. అంత దూరంలో 50 మీటర్లు తప్పు లెక్కేస్తే ఇంకో 40 సెంటీమీటర్ల దాకా తేడా. జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటేమో జానెడు! గంటకి 16 కిలోమీటర్ల గాలి పక్క నుంచి వీస్తే తూటా అర మీటరుకి పైనే పక్కకి పోతుంది. ఇవాళ మేం పడుకున్న దగ్గర ఆకు కదలలేదు, లోయ మధ్యలో మాత్రం గడ్డి అంతా ఒక పక్కకి వాలిపోయి ఉంది. తూటా అక్కడికి చేరడానికి ముప్పావు సెకను దాకా పడుతుంది. ఈలోపు జింక ఒక్క అడుగు ముందుకి వేస్తే అది పొట్టలో తగులుతుంది. ఇవేవీ ఆ ఎర్ర అంకెలో ఉండవు.

ఈ యంత్రాలు రాకముందే వేట నయంగా ఉండేది, అప్పట్లో మనిషి కళ్ళు పనిచేసేవి అని రాద్దామనే కూర్చున్నాను. అలా అనుకోగానే, ఒకప్పుడు నాతో వేటకొచ్చిన పెద్దాయన గుర్తొచ్చాడు.

ఆయన కంటితో కొలిచేవాడు. నేలని వంద మీటర్ల ముక్కలుగా మనసులోనే కోసుకుంటూ వెళ్ళి దూరం చెప్పేవాడు. చదును నేల మీద ఆయన లెక్క తప్పడం నేను చూడలేదు. లోయ అవతల ఉన్నది మాత్రం ఎవరి కంటికైనా దగ్గరగానే అనిపిస్తుంది, దాని మీద ఎండ పడుతుంటే ఇంకా దగ్గరగా. ఆ సాయంత్రం రెండూ కలిశాయి. "రెండొందల యాభై, మించదు" అన్నాడు. కాల్చాడు. కాలికి తగిలింది. జింక మూడు కాళ్ళ మీద గట్టెక్కి వెళ్ళిపోయింది. ఎండుటాకుల మీద గింజంత గింజంత రక్తం. వంగి, టార్చి వేసుకుని, ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి వెతుక్కుంటూ పోయాం. ఒకచోట బండ మీద అరచేయంత మరక, అక్కడ కాసేపు పడుకున్నట్టుంది. ఆ తర్వాత ఏమీ లేదు. తెల్లారాక దొరికింది, అప్పటికింకా ఊపిరి ఉంది. పెద్దాయన ఆ సీజన్‌లో మళ్ళీ రైఫిల్ ముట్టుకోలేదు.

చాలా ఏళ్ళ తర్వాత అదే చోట కూర్చుని రేంజ్‌ఫైండర్‌తో కొలిచాను. 390.

మరి యంత్రాన్ని తిట్టడం ఎలా? ఆ రోజు అది ఉండి ఉంటే ఆ జింకకి రాత్రంతా ఆ నరకం ఉండేది కాదు. పెద్దాయన 390 అని చూసి ఉంటే కచ్చితంగా కాల్చేవాడు కాదు, దిగి దగ్గరికి నడిచేవాడు. పోయినసారి నేను చేసిందీ అదే. 430 అని చూపిస్తే వాగులోకి దిగి, గాలికి ఎదురు నడిచి, 310 దగ్గర మళ్ళీ చూసి, చివరికి 190లో కాల్చాను. ఒక్క తూటా.

అమెరికాలో వేటగాళ్ళ సంఘం బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఉంది కదా, 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ వాళ్ళు పెట్టింది. లాంగ్ రేంజ్, అంటే చాలా దూరం నుంచి కాల్చడం, అంటే ఇన్ని గజాలని వాళ్ళు గీత గియ్యలేదు, అది వేటగాడి ఉద్దేశాన్ని బట్టి ఉంటుందన్నారు. జంతువు మనల్ని పసిగట్టే వీలే లేని దూరం నుంచి కొట్టడం అన్యాయం అన్నారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

అన్నట్టు, ఇంటికి రాగానే మా చిన్న పాప రేంజ్‌ఫైండర్ లాక్కుని, టేపు లేకుండా ఇది ఎలా కొలుస్తుందని అడిగింది. వెలుగు వెళ్ళి తగిలి తిరిగొస్తుంది, ఆ టైమ్ చూస్తుంది, 500 మీటర్లకి రానూపోనూ, సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో మూడింటికి కాస్త ఎక్కువ అన్నాను. కళ్ళు ఇంతలు చేసుకుని కిటికీలోంచి కనిపించినవన్నీ కొలుస్తూ కూర్చుంది. రోజంతటిలో బాగున్నది అదొక్కటే.

రేపు బావకి ఫోన్ చేస్తాను. అంకె తనే చదవనీ, కానీ మూడుసార్లు నొక్కాకే, అదీ వాలు సరిచేసిన అంకె. గాలి సంగతి నేను చూస్తాను. 300 దాటితే కాల్చను, ఎందుకంటే పడుకుని, బైపాడ్ (రైఫిల్‌ని ఆనించే రెండు కాళ్ళ స్టాండ్) మీద, ఆ జానెడు చోట్లో ప్రతి తూటా పెట్టగలిగేది నేను అంతవరకే. కుదరదంటే వేరే తోడు వెతుక్కోమంటాను. అక్క మధ్యలోకి వస్తుంది, తెలుసు. అయినా చెప్తాను.