దేంతో కొలిచారు?

జపాన్‌లో మా ఆఫీసు లంచ్ టైమ్‌లో, నింటెండో వాళ్ళ గేమ్ మెషీన్ స్విచ్ 2 గురించి మాటల మధ్య నేనన్నది ఇంతే: "స్విచ్ 2లో కొత్తేముంది? పాతదాన్నే పెద్దది చేసి వెనక 2 తగిలించారు." ఎదురుగా బెంతో (ఇక్కడి లంచ్ డబ్బా) తింటున్న మా సీనియర్ తల ఎత్తకుండానే అడిగారు, "మీరు ఆడారా?" లేదన్నాను. "చేతిలోకైనా తీసుకున్నారా?" అదీ లేదన్నాను. "మరి కొత్తదనాన్ని దేంతో కొలిచారు?" అని డబ్బా మూత పెట్టుకుని వెళ్ళిపోయారు. గొంతు పెంచలేదు. ఇక్కడ ఎవరూ పెంచరు. అందుకే సాయంత్రం దాకా గుచ్చుతూ ఉంటుంది.

దేంతో కొలిచానంటే, మనమందరం కొలిచే దాంతోనే. చిప్ ఏది, ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత. ఇక్కడివాళ్ళకి ఇది వెర్రిలా కనిపిస్తుంది. స్టేషన్ దిగితే ఎలక్ట్రానిక్స్ షాపు, కాసేపు ఆడి చూసి నచ్చకపోతే అక్కడే పెట్టేసి రావచ్చు. మా ఊళ్ళో ఏ మెషీన్‌నైనా ముట్టుకుని చూసి కొన్నదెవరు? ఏళ్ళ తరబడి ఆగి ఒకటి కొంటాం, అదీ హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఎవరో చెప్పిన మాట మీద. చూడకుండా కొనేవాడికి అంకె ఒక్కటే ఆధారం. (వేసవి సెలవుల్లో టీవీకి తగిలించుకున్న ఆ డూప్లికేట్ వీడియో గేమ్ కూడా క్యాసెట్ మీద 9999999 ఇన్ 1 అని ఉంటేనే కదా కొన్నాం. లోపల అవే నాలుగు గేములు తిరిగి తిరిగి వచ్చేవి. అందులో మారియో నింటెండోది అని నాకు క్యోటో వచ్చాక గానీ తెలియదు.) ఇదంతా సీనియర్‌కి జపనీస్‌లో అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

మాది కంట్రోల్ బోర్డులు చేసే చిన్న కంపెనీ. నేను ఏ కొత్త చిప్ పేరు ఎత్తినా మీటింగ్‌లో మొదటి ప్రశ్న ఒకటే: ఇది మార్కెట్‌లోకి వచ్చి ఎన్నేళ్ళయింది? కొత్తదంటే వీళ్ళ దృష్టిలో రోగాలు ఇంకా బయటపడనిది. నాకు ఒళ్ళు మండుతుంది. ఇదే జనం ఫ్యాక్స్ మెషీన్‌ను కూడా ఇదే కారణంతో వదలరు.

ఈ ఆలోచనకి ఈ క్యోటోలోనే ఒక గురువుండేవారు, గున్‌పే యొకోయి. 1965లో నింటెండోలో చేరినప్పుడు ఆయన పని హనాఫుదా అనే జపాన్ పేకముక్కలు చేసే యంత్రాల మెయింటెనెన్స్. ఖాళీగా ఉన్నప్పుడు ముందుకు సాగి వస్తువును పట్టుకునే చెయ్యి ఒకటి చేసుకుని ఆడుకుంటుంటే ప్రెసిడెంట్ హిరోషి యమౌచి కంటబడింది. మన దగ్గరైతే మెమో చేతికొచ్చేది. ఆయనకేమో దాన్ని బొమ్మగా చెయ్యమని ఆర్డర్ వచ్చింది. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఈ ఒక్క సంగతి గుర్తొస్తే మాత్రం నేను ఈ దేశాన్ని ఏమీ అనలేను.

అందరూ వాడి వాడి చవకబడ్డ, లోపాలన్నీ తెలిసిపోయిన భాగాలను తీసుకుని ఎవరూ ఊహించని పనికి వాడటం ఆయన పద్ధతి. కాలిక్యులేటర్ల పోటీలో చవకైపోయిన ఎల్‌సీడీతో 1980లో గేమ్ అండ్ వాచ్ అనే జేబు గేమ్ చేశారు. 1989లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ వచ్చింది. రంగుల్లేవు, తెర వెనక లైటు లేదు. మరుసటి ఏడాది పోటీ కంపెనీ సెగా వాళ్ళ గేమ్ గేర్ రంగుల తెరతో దిగింది గానీ ఆరు బ్యాటరీలను కొన్ని గంటల్లోనే తాగేసేది. గేమ్ బాయ్ నాలుగింటితోనే దానికంటే చాలాసేపు నడిచేది. రేడియో సెల్స్‌ను ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు లాగించిన మన ఇళ్ళల్లో ఎవరినడిగినా ఏది గెలుస్తుందో ముందే చెప్పేవాళ్ళు.

మర్నాడు మధ్యాహ్నం నా టేబుల్ మీద సీనియర్ తన సొంత స్విచ్ 2 పెట్టి, "ఆడి చెప్పండి" అన్నారు. ఆడాను. జాయ్‌కాన్ (పక్కన తగిలించే కంట్రోలర్) అయస్కాంతంతో టక్కున అతుక్కుంటుంది. పక్కకి పడుకోబెట్టి బల్ల మీద జరిపితే మౌస్‌లా పనిచేస్తుంది. ఆ ఊహ బాగుంది. తెర బాగుంది. అయినా నా మాట మీద నేనున్నాను. ఇది జాగ్రత్తగా, కొంచెం భయంతో చేసిన మెషీన్.

భయానికి కారణం లేకపోలేదు. ఇదే యొకోయి 1995లో చేసిన, కళ్ళకి ఆనించి చూసే గేమ్ మెషీన్ వర్చువల్ బాయ్‌లో ఎరుపు తప్ప రంగు లేదు, చూస్తే తలనొప్పి. ఏడాది తిరక్కుండా ఆపేశారు. 2006 నాటి నింటెండో మెషీన్ వీ (Wii)లో చిప్ దాని ముందు మెషీన్ గేమ్‌క్యూబ్ బాపతుదే, కానీ రిమోట్ ఊపి ఆడటం కొత్త, పది కోట్లు దాటింది. దాని వెనకే 2012లో వచ్చిన వీ యూ (Wii U) కోటీ ముప్పై అయిదు లక్షల దగ్గర ఆగిపోయింది. 2017 నాటి మొదటి స్విచ్‌లోనూ చిప్ రెండేళ్ళ కిందటిదే, ఎన్విడియా టెగ్రా ఎక్స్1. ఇంట్లో టీవీకి, బయట చేతిలోకి అన్న ఆలోచనే దాన్ని నిలబెట్టింది. అలా నిలబడ్డాక దాన్ని కదపాలంటే ఎవరికైనా టెన్షనే. స్విచ్ 2 మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు అమ్ముడైంది కాబట్టి నా అభిప్రాయంతో వాళ్ళకి పనేమీ లేదు.

నన్ను ఎక్కువగా తొలిచేది ధర. సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లు, 2009కల్లా 99. మన దాకా ఏదైనా వచ్చిందంటే అలా పాతబడి చవకయ్యాకే. ఇప్పుడు ప్లేస్టేషన్ 5 చూడండి. ఇక్కడ 2020లో పన్ను కాక 49,980 యెన్లు, 2024 సెప్టెంబర్‌లో పన్నుతో కలిపి 79,980కి పెంచారు. చిప్పులు చిన్నవయ్యే కొద్దీ ఖర్చు తగ్గే రోజులు అయిపోయాయి. పైగా యెన్ పడిపోయింది.

అందుకే 2025 జూన్‌లో నింటెండో స్విచ్ 2కి ఇక్కడ రెండు ధరలు పెట్టింది. అప్పట్లో జపనీస్ మాత్రమే వచ్చే మెషీన్ 49,980 యెన్లు, అన్ని భాషలు వచ్చేది 69,980. చవకదానికి జపాన్ అకౌంట్ ఉండి తీరాలి. బయటి దేశాలవాళ్ళు చవకని సూట్‌కేసుల్లో మోసుకుపోకుండా భాషనే తాళం చేశారు. ఈ మధ్య ఈ పరిశ్రమ కనిపెట్టిన కొత్త విషయం ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. సీనియర్‌తో అంటే ఆయన నవ్వారు, జవాబు చెప్పలేదు.

బావమరిది ఫోన్ చేశాడు. "బావా, అక్కడ చవకంట కదా, వచ్చేటప్పుడు ఒకటి పట్రా." అంతా జపనీస్‌లోనే ఉంటుందిరా అన్నాను. "సెట్టింగ్స్‌లో మార్చుకుంటాలే బావా." మారదురా అన్నాను. రెండోదాని ధర చెప్తే రూపాయల్లోకి లెక్కేసుకుని, ఇంకోసారి మాట్లాడతానని పెట్టేశాడు.

నేనైతే ఆ చవకది కొనుక్కోవచ్చు. మెనూలు చదవగలను, అకౌంట్ ఉంది. ఆ 2025 ధరల్లో చూస్తే జపనీస్ వచ్చినందుకు నాకు 20,000 యెన్లు మిగిలినట్టన్నమాట. ఆ జపనీస్ నేర్చుకోవడానికి క్లాసులకీ పుస్తకాలకీ పరీక్షలకీ కట్టిన డబ్బు 20,000 ఎప్పుడో దాటేసింది.